రాయి లెక్క, దిబ్బ లెక్క

ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవికి పడమరగా 120 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 220 కిలోమీటర్లు సముద్రం మీద పోతే, నడినీళ్లలో కొన్ని రాళ్లు తల పైకెత్తి కనిపిస్తాయి. పోటు బాగా ఎక్కిన వేళ వాటిలో అన్నిటికంటే ఎత్తయినది కూడా నీటిపైన 1.8 మీటర్లకు మించదు. ఒక పొడగరి మనిషి అంత ఎత్తు. దాని మీద చెట్టు లేదు, తాగడానికి చుక్క నీరు లేదు, పడవ మనిషి కాలు చాపుకుని పడుకునే చోటు కూడా లేదు. 1784లో స్కార్‌బరో అనే బ్రిటిష్ వర్తక ఓడ ఈ రాళ్లకు తగులుకుంది. ఆ ఓడ పేరే ప్రపంచ పటంలో ఈ దిబ్బకు స్థిరపడిపోయింది. చైనా, తైవాన్ దీన్ని హువాంగ్‌యాన్ దావ్ అంటాయి. ఫిలిప్పీన్స్ వాళ్లు పనాతాగ్ అంటారు, బాహో దె మసిన్‌లోక్ అని కూడా అంటారు. మూడు ప్రభుత్వాలూ ఇది మాదంటే మాదని పట్టుబడుతున్నాయి. 2012 నుంచి దిబ్బ చుట్టూ కాపలా చైనా చేతిలో ఉంది. ఫిలిప్పీన్స్ పడవలు దగ్గరికి వస్తే చైనా కోస్ట్ గార్డ్ ఓడలు నీటి ఫిరంగులతో చిమ్మి తరుముతున్నాయి. ఇంత పోరాటం ఆ నాలుగు రాళ్ల కోసం కాదనీ, వాటి చుట్టూ ఉన్న నీళ్ల కోసమనీ, నీళ్ల అడుగున ఉండవచ్చనుకునే చమురు కోసమనీ, ఓడల దారి కోసమనీ రాజకీయ విశ్లేషకులు వివరిస్తూనే ఉంటారు. ఆ వివరణలో నిజముంది. కాని అసలు దిబ్బ ఏమిటన్న ప్రశ్న ఆ వివరణలో ఎక్కడా రాదు.

నీటిపైన కనిపించే రాళ్లు దిబ్బకు కొసలు మాత్రమే. వాటి కింద, వాటి చుట్టూ, త్రికోణం ఆకారంలో 46 కిలోమీటర్ల చుట్టుకొలతతో పగడాల గోడ ఉంది. గోడ లోపల నిలకడైన నీటి మడుగు ఉంది. మొత్తం కలిపితే సుమారు 150 చదరపు కిలోమీటర్లు. ఇది ప్రాణమున్న కట్టడం. దీన్ని కట్టినవి జీవులు, నిలబెడుతున్నవీ జీవులే, అవి చచ్చిపోతే అలలు దీన్ని అరగదీస్తాయి. ఈ అధ్యాయంలో నేను నిరూపించదలచినది ఒకటే. వివాదంలో ఉన్న పగడపు దిబ్బల విలువను దేశాలు పోటు గీత పైనుంచి కొలుస్తున్నాయి, ప్రకృతి మాత్రం ఆ విలువను గీత కింద పెట్టింది. మొదటిదాన్ని రాయి లెక్క అందాం, రెండోదాన్ని దిబ్బ లెక్క అందాం. రాయి లెక్క గెలవాలని చేసే ప్రతి పనీ దిబ్బ లెక్కలో నష్టంగా తేలుతోంది. కాబట్టి దిబ్బ ఎవరిదన్న తగువు తీరేదాకా ఆగకుండా, తగువును ఉన్నచోటే ఉంచి దిబ్బను కాపాడుకోవడమే తగువులో ఉన్న అందరికీ లాభం.

ముందుగా దిబ్బ ఎలా పుడుతుందో చూద్దాం. మనం ఉంగరంలో పొదిగించుకునే నవరత్నాల పగడం వేరు. అది లోతు నీళ్లలో పెరిగే వేరే జాతి, దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే పగడం వెచ్చని, తేటైన, లోతు తక్కువ నీళ్లలో బతికే చిన్న జీవుల కాలనీ. ఒక్కో జీవిని పాలిప్ అంటారు. మెత్తని చిన్న సంచి, సంచి మూతి చుట్టూ మీసాల్లాంటి తంతువులు, అంతే దాని ఒళ్లు. ఆ ఒంటి కణాల్లో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. అవి ఎండను పట్టి చక్కెరలు తయారుచేసి, వాటిలో ఎక్కువ భాగం పాలిప్‌కే ఇస్తాయి. పాలిప్ వాటికి నీడనూ, తన ఒంట్లోంచి వచ్చే వ్యర్థాలను ఎరువుగానూ ఇస్తుంది. ఈ పొత్తు వల్ల దక్కిన బలంతో పాలిప్ సముద్రపు నీటిలోంచి కాల్షియం, కార్బొనేట్‌లను తీసుకుని తన కింద సున్నపు గిన్నె ఒకటి కట్టుకుంటుంది. గిన్నె మీద గిన్నె, తరం మీద తరం. గుండ్రాయిలా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కొమ్మలుగా పెరిగేవి పది సెంటీమీటర్లు దాటవచ్చు. అలలు విరగ్గొట్టినది, జీవులు తొలిచేసినది పోగా దిబ్బ మొత్తంగా చూస్తే ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. సుమారు 20 వేల ఏళ్ల క్రితం, మంచు యుగం ముదిరిన రోజుల్లో, సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దిగువన ఉండేది. మంచు కరిగి నీరు ఎక్కుతూ వస్తుంటే, వెలుతురు అందే లోతును విడిచిపెట్టకుండా పగడాలు కూడా పైకి కట్టుకుంటూ వచ్చాయి. ఈ రోజు మనం చూసే బతికున్న పైపొర ఆ పరుగు ఫలితం, వేల ఏళ్ల పని.

అగ్నిపర్వతం మెల్లగా కుంగుతుంటే దాని అంచున పగడాలు పైకి పెరుగుతూ పోయి చివరకు ఉంగరంలా మిగులుతాయని చార్లెస్ డార్విన్ 1842లో రాశాడు. 110 ఏళ్ల తర్వాత, 1952లో, పసిఫిక్‌లోని ఎనివెటాక్ దిబ్బను తొలిచినప్పుడు సుమారు 1,400 మీటర్ల మందం సున్నపురాయి దాటాకే అగ్నిపర్వతపు రాయి తగిలింది. డార్విన్ ఊహ నిజమని తేలింది. స్కార్‌బరో కథ కూడా ఆ వంశానిదే. దక్షిణ చైనా సముద్రపు నేల సుమారు 3 కోట్ల ఏళ్ల క్రితం విచ్చుకోవడం మొదలై, కోటిన్నర ఏళ్ల క్రితానికి ఆగిపోయింది. ఆగిన చీలిక వెంట లేచిన సముద్రగర్భ పర్వతాల వరసలో ఒకదాని తలమీద ఈ దిబ్బ కూర్చుంది. దాని అడుగు వేల మీటర్ల లోతున ఉంది. దక్షిణాన ఉన్న స్ప్రాట్లీ దిబ్బల పునాది వేరు. విచ్చుకున్నప్పుడు ఖండం నుంచి తెగి వాలిపోయిన నేల ముక్కల అంచుల మీద అవి పెరిగాయి. వంద పైచిలుకు దిబ్బలు, రాళ్లు, ఇసుక తిప్పలు. చైనా, తైవాన్, వియత్నాం వాటన్నిటినీ తమవంటాయి. ఫిలిప్పీన్స్, మలేసియా కొన్నిటిని తమవంటాయి. బ్రూనై కూడా ఆ నీళ్లలో తన వాటా అడుగుతోంది.

నీటిపైన తేలిన ఇసుక తిప్ప కూడా పైనుంచి వచ్చింది కాదు. చిలకచేపను ఒకసారి దగ్గరగా చూడండి. దాని పళ్లు కలిసిపోయి చిలక ముక్కులా గట్టిపడి ఉంటాయి. ఆ ముక్కుతో పగడపు రాతిని గీకుతుంది, కొరుకుతుంది. ఆ చప్పుడు నీళ్లలో ఈదేవాళ్ల చెవికి కరకరమని వినిపిస్తుంది. గొంతులోని రెండో పళ్ల వరస ఆ రాతిని పిండి చేస్తుంది. దాని మీదా, లోపలా ఉన్న నాచూ సూక్ష్మజీవులూ కడుపుకు పోతాయి, మిగిలిన సున్నం తెల్లటి ఇసుకై వెనకనుంచి పొగలా రాలుతుంది. నుదుటిమీద బొప్పి ఉండే పెద్ద చిలకచేప ఏడాదికి 5 టన్నులకు మించి పగడపు రాతిని మింగుతుందని లెక్కగట్టారు. చచ్చిన పగడం మీద నాచు మూసుకుపోకుండా కొత్త పగడపు పిల్ల అంటుకోవడానికి చోటు చేసిపెట్టేదీ ఇదే చేప. అంటే చట్టం సహజంగా ఏర్పడిన నేల అని పిలిచే తిప్పల్లో చాలా భాగం చేప కడుపులోంచి వచ్చిన ఇసుక. చేపలను పోగొట్టి తిప్పను ఉంచుకోవడం ఎంతోకాలం సాగదు.

ఇప్పుడు రాయి లెక్కకు వద్దాం. 1982లో కుదిరి 1994లో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం సముద్రంలో పైకి తేలే నేలను మూడు మెట్లుగా విడదీస్తుంది. ఆటు వేళ మాత్రమే పైకి తేలి, పోటుకు మునిగిపోయేది మొదటి మెట్టు. తీరానికి దూరంగా నడిసముద్రంలో ఉంటే దానికి సొంతంగా ఏ నీళ్లూ రావు. పోటులో కూడా పైన ఉండి, మనుషులు నివసించడానికి గాని, సొంత ఆర్థిక జీవితానికి గాని పనికిరానిది రెండో మెట్టు, అది రాయి. దానికి 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు వస్తాయి. మనుషులు బతకగల దీవి మూడో మెట్టు. దానికి 200 నాటికల్ మైళ్ల వరకూ చేపలూ ఖనిజాలూ వాడుకునే హక్కు దక్కుతుంది. వ్యాసార్ధాలతో వృత్తాలు గీసి చూస్తే ఆశ ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. 12 మైళ్ల వృత్తం సుమారు 1,550 చదరపు కిలోమీటర్లు. 200 మైళ్ల వృత్తం సుమారు 4.3 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే 2.75 లక్షలు. మనిషెత్తు రాయిని దీవి అనిపించగలిగితే, పక్క దేశపు తీరం అడ్డు రాకపోతే, రెండు రాష్ట్రాలకంటే పెద్ద సముద్రం ఒక దేశం ఖాతాలో పడుతుంది.

ఈ ఆశకు చట్టం తలుపు మూసేసింది. ఫిలిప్పీన్స్ 2013లో వేసిన దావాపై ఐదుగురు మధ్యవర్తుల ట్రైబ్యునల్ 2016 జూలై 12న తీర్పు ఇచ్చింది. స్ప్రాట్లీలలో ఏదీ పూర్తి హక్కులున్న దీవి కాదంది. తైవాన్ చేతిలో ఉన్న, బావినీళ్లూ చెట్లూ ఉన్న ఇటు అబాను కూడా రాయి కిందే లెక్కేసింది. స్కార్‌బరో కూడా రాయే. మిస్‌చీఫ్ రీఫ్ అయితే అసలు రాయి కూడా కాదు, పోటుకు మునిగేది. మనిషి మట్టి పోసి పెంచినంత మాత్రాన ఏదీ పై మెట్టుకు ఎక్కదని స్పష్టం చేసింది. చైనా ఆ విచారణలో పాల్గొనలేదు, తీర్పును ఒప్పుకోలేదు. తీర్పు వచ్చేసరికే రాయి లెక్క ఇంకో రూపం ఎత్తింది. చట్టం ఇవ్వని హక్కును సిమెంటుతో సంపాదించుకునే రూపం అది. రన్‌వే ఉన్నచోట అడుగుపెట్టి కాదనగలవాడెవడన్న ధీమా అది.

2013 చివర నుంచి రెండు మూడేళ్లలో చైనా స్ప్రాట్లీలలోని ఏడు దిబ్బల మీద సుమారు 13 చదరపు కిలోమీటర్ల కొత్త నేల లేపింది. ఫైరీ క్రాస్, సూబీ, మిస్‌చీఫ్‌ల మీద దాదాపు 3 కిలోమీటర్ల పొడవున రన్‌వేలు వేసింది. ఆ పని చేసే డ్రెడ్జర్‌కు ముందు భాగంలో ఇనుప పళ్ల చక్రం ఉంటుంది. అది మడుగు అడుగున తిరుగుతూ పగడపు రాతిని నలగ్గొడుతుంది. పంపు ఆ నుజ్జును నీళ్లతో సహా పీల్చి, గొట్టాల మీదుగా దిబ్బ పైభాగంలోకి చిమ్ముతుంది. బరువైన ముక్కలు అక్కడ మేట వేస్తాయి. సన్నని సున్నపు పిండి మాత్రం నీళ్లతో కలిసి పాలలా తెల్లగా చుట్టూ పరుచుకుంటుంది. తవ్విన చోటు పోయింది, పోసిన చోటు పూడిపోయింది, ఈ రెండింటికీ దూరంగా ఉన్న పగడం మీదికి బురద వచ్చింది. బురద పగడానికి రెండు విధాల గండం. పైనుంచి వెలుతురును అడ్డగించి శైవలాలకు తిండి లేకుండా చేస్తుంది. ఒంటిమీద పేరుకుని ఊపిరాడనివ్వదు. కృష్ణా గోదావరులు ఏటా తెచ్చి కలిపే ఒండ్రు వల్లనే మన కోస్తాకు సారవంతమైన డెల్టాలు దక్కాయి. చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు దక్కకపోవడానికీ ఆ ఒండ్రూ మంచినీరూ ప్రధాన కారణాలు. మనకు నదులు వేల ఏళ్లుగా చేస్తున్న పనిని అక్కడ యంత్రం నెలల్లో చేసింది.

తప్పు ఒక్క చైనాదే అని చెప్పి ఊరుకోవడం నిజాయితీ కాదు. మలేసియా 1980లలోనే స్వాలో రీఫ్‌ను పూడ్చి నేల చేసుకుంది, తర్వాత విమానాల స్ట్రిప్ వేసింది. ఫిలిప్పీన్స్, తైవాన్‌లకు కూడా తమ చేతిలోని దీవుల మీద రన్‌వేలున్నాయి. 2021 తర్వాత వియత్నాం జోరందుకుని తన అధీనంలోని దిబ్బల మీద పెద్ద ఎత్తున పూడ్చుకుంటూ వస్తోంది. ఉపగ్రహ చిత్రాలను పరిశీలించే వాషింగ్టన్ సంస్థ ఒకటి 2023 చివర్లో వేసిన లెక్క ప్రకారం దీవులు కట్టడానికి నాశనమైన దిబ్బ 6 వేల ఎకరాలు దాటింది. అందులో సింహభాగం చైనా వాటా, మిగిలినదాంట్లో ఎక్కువ వియత్నాంది. ఒకరు కట్టారు కాబట్టి మేమూ కడతామన్న వాదన ఎదుటివాడి దూకుడుకు జవాబు కావచ్చు. పూడిన పగడానికి మాత్రం ఏ జెండా కింద పూడినా ఒకటే.

పూడిక కంటే విస్తారమైన నష్టం ఇంకొకటి జరిగింది, దాన్ని చాలామంది గమనించలేదు. 2012 ఏప్రిల్‌లో స్కార్‌బరో మడుగులో ఫిలిప్పీన్స్ నౌకాదళం చైనా చేపల పడవలను తనిఖీ చేసినప్పుడు వాటిలో పగడాలు, బతికున్న సొరచేపలు, రాకాసి ఆల్చిప్పలు దొరికాయి. ఈనాటి పట్టుదల అక్కడే ముదిరింది. రాకాసి ఆల్చిప్ప మీటరు పొడవు దాటి, 200 కిలోలకు మించి తూగగలదు. కాళ్లూ రెక్కలూ లేవు, చిన్ననాడు కూర్చున్న చోటే దశాబ్దాల పాటు బతుకుతుంది. నోరు తెరిచి నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగుల మెత్తని పెదవులను ఎండకు పరుస్తుంది. ఆ పెదవుల్లో కూడా పగడంలో ఉన్నలాంటి శైవలాలే ఉంటాయి. గుడ్లూ వీర్యమూ నీళ్లలోకి వదులుతుంది కాబట్టి దగ్గర్లో మరొకటి లేకపోతే సంతతి లేదు. దీని చిప్పను ఏనుగు దంతంలా చెక్కి అమ్మే వ్యాపారం హైనాన్ దీవిలోని తాన్‌మెన్ రేవులో పెరిగింది. బతికినవి అయిపోయాక, పాత దిబ్బలో పూడుకుపోయిన చచ్చిన చిప్పలకు కూడా గిరాకీ వచ్చింది. వాటిని తీయడానికి పడవను దిబ్బ మీద లంగరు వేసి, ప్రొపెల్లర్‌ను పగడం మీదే తిప్పి రాతిని పగలగొట్టేవారు. పైనుంచి తీసిన చిత్రాల్లో ఆ చోట్లు విల్లులా వంగిన గీతలై, గోళ్లతో రక్కినట్టు కనిపిస్తాయి. ఇలా పాడైన దిబ్బ 16 వేల ఎకరాలకు పైనేనని ఆ వాషింగ్టన్ సంస్థ లెక్కే చెప్పింది. ఆ పని తెలిసి తెలిసీ ఆపనందుకు 2016 తీర్పు చైనాను తప్పు పట్టింది. 2017లో హైనాన్ ఆ చిప్పల వ్యాపారాన్ని నిషేధించింది, కాని అప్పటికే పగిలిన దిబ్బ మీద ఆ నిషేధం ప్రభావం శూన్యం.

ఇంతకీ దిబ్బ లెక్కలో ఏముంది? దక్షిణ చైనా సముద్రంలో 570 పైచిలుకు జాతుల దిబ్బ పగడాలను, 3,300 పైచిలుకు జాతుల చేపలను గుర్తించారు. ఆ దేశాల తీరాల్లో కోట్లమంది పళ్లెంలోకి వచ్చే చేప ఆ నీళ్లదే. చేపలు, పగడాలు, ఆల్చిప్పలు ఎక్కువగా లార్వాలుగా బతుకు మొదలుపెడతాయి. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా ప్రవాహంతో కొట్టుకుపోతాయి. అక్కడి ప్రవాహాలు శీతాకాలంలో ఈశాన్య గాలితో ఒక వైపు, ఎండాకాలంలో నైరుతి గాలితో మరో వైపు తిరుగుతాయి. స్ప్రాట్లీ దిబ్బలు ఈ సముద్రానికంతటికీ విత్తన బ్యాంకు లాంటివనీ, తీరం దగ్గర వేట ఎక్కువై ఖాళీ అయిన చోట్లకు అక్కడినుంచి పిల్లలు చేరుతాయనీ, వాటిని కలిసి మెరైన్ పార్కుగా చేయాలనీ పగడపు దిబ్బల శాస్త్రవేత్త జాన్ మక్‌మానస్ 1994లోనే రాశాడు. రొయ్యల చెరువుల ప్రాంతం పాఠకులకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. సీడ్ లేకపోతే చెరువు ఎంత పెద్దదైనా నీటి గుంటే. దిబ్బను పూడ్చి నేల చేసుకోవడం కరువులో విత్తనాల గింజలు వండుకు తినడం లాంటిది.

దీనికి శాస్త్రం వైపునుంచే ఒక అభ్యంతరం ఉంది. లార్వాలన్నీ దూరం పోవు, చాలావాటికి పుట్టిన దిబ్బ దగ్గరే స్థిరపడే గుణముంది, కనుక విత్తన బ్యాంకు మాట అతిశయోక్తి అంటారు. లార్వాల్లో కొంత భాగం ఇంటి దగ్గరే ఆగుతాయన్నది నిజమే, చాలా దిబ్బల దగ్గర తేలిన సంగతి. కాని ఆ నిజం వాదనను బలహీనపరచదు. లార్వాలు దూరం పోతే, ఒకరు పూడ్చిన దిబ్బ వల్ల పొరుగువాళ్లందరి వేటా తగ్గుతుంది. పోకుండా ఇంటి దగ్గరే ఆగితే, పూడిన దిబ్బను తిరిగి నింపడానికి బయటినుంచి పిల్లలు రావు, ఆ నష్టం పూడ్చినవాడి నెత్తినే నిలుస్తుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడున్నా పూడ్చడం నష్టమే, ఆ నష్టాన్ని ఎవరెంత మోస్తారన్నదే తేడా.

ఇంకో అభ్యంతరం విస్తీర్ణానికి సంబంధించినది. ఇంత పెద్ద సముద్రంలో కొన్ని వేల ఎకరాలు ఏపాటి అంటారు. సముద్రంతో పోల్చడమే పొరపాటు. సముద్రంలో అత్యధిక భాగం వెలుతురు అందని లోతు, పగడానికి పనికిరాని చోటు. నడిసముద్రంలో వెలుతురు అందే లోతున్న చోట్లు కొద్దిగానే ఉన్నాయి, దేశాలు రన్‌వేలకు ఎంచుకున్నవీ అవే. తుపాను పగడపు ముక్కలను దిబ్బ మీదికి విసిరినట్టే మేమూ చేశాం, ప్రకృతిని అనుకరించాం అని చైనా అధికారులు సమర్థించుకున్నారు. తుపాను విరిగిన కొమ్మలను విసురుతుంది, పునాది రాతిని లోతుగా తవ్వి సిమెంటు కింద కప్పదు. తుపాను పోయాక కొమ్మ ముక్కలు మళ్లీ అతుక్కుని పెరుగుతాయి. ట్రైబ్యునల్ తనకు తానుగా నియమించుకున్న పగడ నిపుణులు ఈ సమర్థనను ఒప్పుకోలేదు. కోలుకోవడం సాధ్యమైన చోట్ల కూడా దశాబ్దాలు, కొన్నిచోట్ల శతాబ్దాలు పడుతుందని తేల్చారు.

ఎలాగూ భూతాపం పగడాలను చంపుతోంది, మరి డ్రెడ్జర్‌ను తిట్టి ఏం లాభం అన్న నిస్పృహ కూడా వినిపిస్తుంది. తాపం నిజమే. నీళ్లు మామూలు వేసవి కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పాలిప్ తన శైవలాలను బయటకు తోసేస్తుంది. రంగు పోయి తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 2015 వేసవిలో తైవాన్ కాపాడుకుంటున్న తోంగ్‌షా దిబ్బ మీద 40 శాతం పగడాలు ఇలాగే చనిపోయాయి. 2007లో జాతీయ పార్కుగా ప్రకటించిన చోటే అది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు. అయితే తెల్లబడ్డ దిబ్బ కోలుకోవాలంటే తేట నీళ్లు కావాలి, నాచు మేసే చేపలు కావాలి, పక్క దిబ్బనుంచి లార్వాలు రావాలి. డ్రెడ్జింగ్ ఈ మూడింటినీ దెబ్బ తీస్తుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడకుండా చూడమనడం నక్కకు జబ్బు లేదనడం కాదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం భద్రతది. పక్క దేశం రన్‌వే వేస్తే చూస్తూ ఊరుకుని చేపల గురించి మాట్లాడమంటారా అని. ఈ ప్రశ్నలో భయం నిజమైనది, కనుక దీనికి ఆదర్శంతో కాకుండా జరిగిన చరిత్రతో జవాబు చెప్పాలి. 1959లో, అమెరికా సోవియట్ యూనియన్లు అణుబాంబులు పేరుస్తున్న రోజుల్లో, అంటార్కిటికా ఒప్పందం కుదిరింది. ఏడు దేశాలు అక్కడ నేల తమదని అంటున్నాయి, కొన్నిటి దావాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఒప్పందం ఎవరి దావానూ కొట్టివేయలేదు, ఒప్పుకోనూ లేదు. ఉన్నవి ఉన్నట్టు ఆపి, కొత్తవి వద్దని, సైనిక స్థావరాలు వద్దని, పరిశోధనకు తలుపులు తెరవాలని చెప్పింది. అది నేటికీ నిలిచింది. అంటార్కిటికాలో ఊళ్లు లేవు, బెస్తవాళ్లు లేరు, కాబట్టి పోలిక పూర్తిగా కుదరదనవచ్చు. అయితే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. సాబా రాష్ట్రం ఎవరిదన్న తగువు తీరకుండానే ఫిలిప్పీన్స్, మలేసియా 1996లో తమ సరిహద్దు నీళ్లలోని తాబేళ్ల దీవులను కలిసి రక్షించుకోవడానికి ఒప్పుకున్నాయి. ఆకుపచ్చ తాబేలు ఒక దేశం ఇసుకలో గుడ్లు పెట్టి మరో దేశం నీళ్లలో మేస్తుందన్న సాదా సత్యమే వాళ్లను కలిపింది. స్ప్రాట్లీలలోనే 1996 నుంచి 2007 దాకా ఫిలిప్పీన్స్, వియత్నాం శాస్త్రవేత్తలు ఒకే ఓడ మీద నాలుగు విడతలు పరిశోధన చేశారు. రెండు దేశాలూ ఒకే దిబ్బల్ని తమవంటున్న కాలమే అది. 2002లో చైనా, ఆసియాన్ దేశాలు సంతకం చేసిన ప్రకటనలో సముద్ర పర్యావరణ రక్షణ, శాస్త్ర పరిశోధన కలిసి చేయదగిన పనులుగా ఉన్నాయి. కాబట్టి కొత్త సూత్రం కనిపెట్టాల్సిన పని లేదు, సంతకం పెట్టిన మాటను నిలబెట్టుకోవాలి.

రక్షణ పేరే జెండాగా మారే ప్రమాదం ఉంది, దాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. 2025 సెప్టెంబరులో చైనా స్కార్‌బరో దిబ్బ మీద సుమారు 3,500 హెక్టార్లను జాతీయ ప్రకృతి రక్షణ ప్రాంతంగా ప్రకటించింది. ఫిలిప్పీన్స్ వెంటనే నిరసన తెలిపింది. దిబ్బకు రక్షణ దొరికిందని సంతోషించవచ్చా? ఒక గీటురాయి మీద గీసి చూస్తే తెలుస్తుంది. దావా ఉన్న మిగతా దేశాల శాస్త్రవేత్తలను ఆ నీళ్లలోకి దిగి లెక్క తీసుకోనిస్తారా? తరతరాలుగా అక్కడ గాలంతో, చిన్న వలలతో పట్టుకునే బెస్తవాళ్లను, ఏ దేశంవాళ్లయినా, రానిస్తారా? ఈ రెండింటికీ కాదన్న జవాబు వస్తే అది రాయి లెక్కే, దానికి ఆకుపచ్చ రంగు పూశారంతే. ఇదే గీటురాయి రేపు ఫిలిప్పీన్స్ ప్రకటించినా, వియత్నాం ప్రకటించినా వర్తించాలి.

నేలను పట్టుకోవాలన్న ఆరాటం ఎంత తాత్కాలికమైన దాని మీద నడుస్తుందో మన బంగాళాఖాతమే చూపించింది. 1970 తుపాను తర్వాత హరియాభంగా నది మొగలో ఒక ఇసుక తిప్ప పైకి తేలింది. భారత్ దాన్ని న్యూ మూర్ అంది, పూర్వాశ అంది. బంగ్లాదేశ్ దక్షిణ తల్పట్టి అంది. భారత నౌకాదళం వెళ్లి జెండా పాతింది. నాలుగు దశాబ్దాల తగువు తర్వాత 2010 నాటికి ఆ తిప్ప నీళ్లలో కలిసిపోయింది. 2014లో వేరొక ట్రైబ్యునల్ ఈ రెండు దేశాల సముద్ర సరిహద్దు గీసేసరికి గీయడానికి దీవే లేదు. పగడపు దిబ్బకు ఇసుక తిప్పకు లేని శక్తి ఒకటుంది. బతికి ఉంటే అది సముద్రంతోపాటు ఎత్తు పెరగగలదు. సముద్ర మట్టం ఇప్పుడు ఏడాదికి 4 మిల్లీమీటర్లకు అటూఇటుగా ఎక్కుతోంది. ఆరోగ్యంగా ఉన్న దిబ్బ ఆ వేగాన్ని అందుకోగలదు, చచ్చిన దిబ్బ అందుకోలేదు. అంటే రాయి లెక్క మీదే నమ్మకమున్నవాడికి కూడా రేపు రాయి మిగలాలంటే దాని కిందున్న పగడం బతకాలి.

2016 తీర్పులో ఎక్కువమంది పట్టించుకోని ఒక భాగం ఉంది. స్కార్‌బరో ఎవరిదో తాము తేల్చడం లేదని ట్రైబ్యునల్ ముందే చెప్పింది. చెప్పాక, ఆ దిబ్బ అనేక దేశాల బెస్తవాళ్లు ఆనవాయితీగా వేటాడుకుంటున్న చోటని తేల్చింది. ఆ రాళ్లు ఏ దేశం చేతికి పోయినా ఆ వేట హక్కు పోదంది.